సాక్షికి బత్తా ఉంది, మరి మామకి?

మా మామ ఎడమ కాలి మడమలో మూడు ఇనుప ముక్కలున్నాయి. ఎక్స్‌రేలో చింతగింజలంత సైజులో తెల్లగా కనిపిస్తాయి. తిరుమలలో స్కానర్ మోగితే అక్కడున్న సెక్యూరిటీ కుర్రాడికి మామే నవ్వుతూ చెప్తాడు, "అది తీసేది కాదప్పా, గవర్నమెంటుది" అని.

పోయిన నవంబరులో ఆయనతో రెండు పనులు చేయించాను. మొదటిది లైఫ్ సర్టిఫికెట్. పింఛను తీసుకునే ప్రతి మాజీ సైనికుడూ ఏడాదికోసారి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021లో దానికి ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కలిపారు. పెనుకొండలో మామ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, నా ఫోన్ ఎత్తి పట్టుకుని, "మామా, ఒకసారి రెప్ప వెయ్" అన్నాను. వేశాడు. నిమిషంలో అయిపోయింది. అత్త తెచ్చిన టీ ఇంకా వేడిగానే ఉంది.

రెండోది, ఆ కాలు ఇంకా బాగా లేదని నిరూపించడం. దానికి రెండు రోజులు, ఒక లాడ్జి, లెక్కలేనన్ని ఆటోలు, 5,090 రూపాయలు పట్టాయి. పని మాత్రం కాలేదు.

బతికున్నానని చెప్పడానికి రెప్ప చాలు గానీ, కుంటుతున్నానని చెప్పడానికి బెంగళూరు దాకా పోవాలి. ఈ వారం కాలమ్ దాని గురించే.

ముందు మామ సంగతి చెప్పాలి. ఆయన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్. బెంగళూరు హలసూరు చెరువు దగ్గర వాళ్ళ సెంటర్. ఆర్మీలో వీళ్ళందర్నీ 'తంబీలు' అంటారు, తెలుగువాళ్ళైనా సరే. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దుకి కదిలింది. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. యుద్ధం వస్తుందని పొలాల్లో, ఇసుకలో లక్షల మైన్లు పాతారు. యుద్ధం రాలేదు. పాతినవాటిని మళ్ళీ వెతికి తీయాలి కదా, ఆ పని సాపర్లది. రాజస్థాన్ వైపు మామ వాళ్ళు తీస్తుంటే పక్క వరుసలో ఒకటి పేలింది. అటువైపు ఉన్న మనిషి గురించి మామ ఎప్పుడూ చెప్పడు, మేమూ అడగం. మామకి మడమ పోయింది, ఎడమ చెవి సగం పోయింది. మరుసటి ఏడాది మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపించేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు, ఇప్పుడు నా వయసంత.

యుద్ధమే జరగలేదు కదా, మరి యుద్ధ పింఛను ఎలా అని నేనూ చిన్నప్పుడు అడిగాను. రక్షణ శాఖ 2001 జనవరి 31న ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో సైనికుల మరణాలను, గాయాలను 'ఏ' నుంచి 'ఈ' దాకా ఐదు కేటగిరీలుగా విడదీశారు. ఆఖరిదైన 'ఈ'లో శత్రువు తూటాతో పాటు, సరిహద్దులో మైన్లు పాతేటప్పుడూ తీసేటప్పుడూ జరిగే పేలుళ్ళు కూడా ఉన్నాయి. అలా మామది వార్ ఇంజురీ పింఛను. వీధిలో ఎవరైనా "కార్గిలా అన్నా?" అంటే మామ అవునని గానీ కాదని గానీ అనడు.

ఈ పింఛను అంతా ఒక అంకె మీద నడుస్తుంది. అంగవైకల్యం ఎంత శాతం? 100 శాతమైతే ఆఖరు జీతంతో సమానంగా లెక్కగడతారు, తక్కువైతే ఆ దామాషాలో. డాక్టర్లు 32 అని ఒకరు, 38 అని ఒకరు కొట్టుకోకుండా అదే ఉత్తర్వులో ఒక వెసులుబాటు పెట్టారు. 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా తీసుకోవాలి. మామకి రాసింది 40. లెక్కలోకి వచ్చింది 50. ఆ కాలు ఇంకాస్త పాడై బోర్డు 50 అని రాస్తే లెక్క 75కి పోతుంది. కోడింగ్ చేసేవాళ్ళకి అర్థమవుతుంది, ఇదొక ఇఫ్ కండిషన్. 49కీ 50కీ మధ్య ఒక మనిషి బతుకు.

పాతకాలంలో కొన్నేళ్ళకోసారి ఈ శాతాన్ని మళ్ళీ కొలిచేవాళ్ళు. ముసలివాళ్ళు ట్రంకు పెట్టెలో కాగితాలు పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళట. 2001 ఉత్తర్వు దాన్ని ఆపింది. శాశ్వతమైన గాయమైతే మొదటి బోర్డు రాసిందే జీవితాంతం. మారాలంటే ఆ మనిషే అడగాలి. మామ ఇరవై ఏళ్ళు అడగలేదు. రెండేళ్ళుగా తుంటి కూడా పట్టేస్తోంది, రాత్రి డ్యూటీలో నిలబడలేకపోతున్నాడు. ఆయన పెనుకొండ దగ్గర ఒక కంపెనీ గేటులో సెక్యూరిటీ. ఎర్రమంచిలో కియా వచ్చాక ఆ చుట్టుపక్కల చిన్నాపెద్దా కంపెనీలు చాలా వచ్చాయి. వాటి గేట్ల దగ్గర మీకు సెల్యూట్ కొట్టేవాళ్ళలో ఎందరు మాజీ సైనికులో ఈసారి గమనించండి.

నేనే బలవంతపెట్టి రివ్యూకి అప్లికేషన్ రాయించాను. కొన్ని నెలలకు పిలుపు వచ్చింది. తేదీ, ఉదయం 8 గంటలు, తేవాల్సిన కాగితాల లిస్టు, రెండు ఫోటోలు. దారి ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు.

*

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, బెంగళూరు. మన లైనులో స్టేషన్ల వరస ఇది. మా ముగ్గురం కూడా ఇదే వరసలో రైలెక్కాం. ధర్మవరంలో మామ పాత సుబేదారు, పెనుకొండలో మామ, హిందూపురంలో నేను. సుబేదారు గారికి ఇప్పుడు అరవై దాటింది, కొడుకు పట్టుచీరల షాపు చూసుకుంటాడు. ఆసుపత్రిలో దారీతెన్నూ తనకి తెలుసని, వద్దన్నా వచ్చాడు, తన ఖర్చుతోనే. మామ ఇప్పటికీ ఆయన్ని 'సాబ్' అనే పిలుస్తాడు. సాబ్ ముందు కాలు చాపుకుని కూర్చోడు. నొప్పితో మొహం మాడిపోయినా సరే.

"రేయ్, కాలు చాపుకో. ఇక్కడ పరేడ్ యాడుంది?" అన్నాడాయన రెండుసార్లు.

"ఉండనీ సాబ్" అన్నాడు మామ.

టికెట్ దగ్గరే మొదటి తమాషా. రైల్వేలో అంగవికలులకి రాయితీ ఉంది. స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం, వెంట వచ్చేవాళ్ళకీ అంతే. కానీ కాళ్ళూ చేతులూ దెబ్బతిన్నవాళ్ళలో 'తోడు లేకుండా ప్రయాణం చేయలేని' వాళ్ళకే అది. మామ కాగితం ప్రకారం తోడు లేకుండా ప్రయాణం చేయగలడు. అంటే రాయితీ లేదు. రైలు దిగి ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కేటప్పుడు నేను ఒక పక్క, సాబ్ ఒక పక్క పట్టుకున్నాం. కాగితం ప్రకారం మేమిద్దరం ఊరికే వచ్చినట్టు.

అత్త కూడా వస్తానంది. స్త్రీ శక్తి వచ్చాక ఆమెకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో హిందూపురం దాకా టికెట్ లేదు. ఆ తర్వాత రాష్ట్రం దాటాలి కదా, అక్కడి నుంచి డబ్బులే. "మీరు పొండి, ఆ దుడ్లతో మందులన్నా వస్తాయి" అని ఆగిపోయింది.

ఉదయం 8కి అక్కడ ఉండాలంటే ముందు రోజే పోవాలి. లాడ్జి 1,400. మంచం ఎత్తుగా ఉందని మామ కింద పడుకున్నాడు. లైటు తీసేశాక చాలాసేపటికి అడిగాడు.

"అల్లుడా, ఉండేది కూడా తగ్గిస్తే?"

నా దగ్గర జవాబు లేదు. రివ్యూ అంటే పెరగడానికే అని ఎక్కడా రాసి లేదు. బోర్డు తనకి కనిపించిందే రాస్తుంది. తగ్గిస్తే అప్పీలు, అక్కడా కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్. ట్రిబ్యునల్ అంటే మళ్ళీ లాయరు, మళ్ళీ రైలు. సాబ్ చీకట్లోంచే అన్నాడు, "పడుకోరా. రేపు కాలు ఎట్లుందో అట్లే చూపించు. సిపాయి మాదిరి నడవద్దు."

మామ సరిగ్గా అదే చేశాడు.

లోపలికి నన్ను రానివ్వలేదు గానీ తలుపు తీసే ఉంది. యూనిఫాంలో ఉన్న డాక్టరు, వయసులో మామ కంటే చిన్న, చాలా మర్యాదగానే "కొంచెం నడవండి" అన్నాడు. మామ లేచి నిలబడ్డాడు. భుజాలు వెనక్కి పోయాయి, గడ్డం లేచింది. ఆ గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా, దాదాపు కుంటకుండా నడిచాడు. ఇంట్లో బాత్రూముకి గోడ పట్టుకుని పోయే మనిషి! మెడ మీద చెమట కనిపిస్తోంది నాకు. ఆఫీసరు ముందు వంకరగా నడవడం ఆయన ఒంటికి తెలీదు. 'కుంటు మామా, కుంటు' అని అరవాలనిపించింది. పక్కన సాబ్ నుదురు కొట్టుకున్నాడు.

బయటికి వచ్చి మామ అన్న మొదటి మాట, "ఏం అల్లుడా, బాగా నడిచినానా?"

కాలు డాక్టరు చూశాడు. చెవి చూడాల్సిన డాక్టరు ఆ రోజు సెలవు. ఇంకో తేదీ ఇచ్చారు. ఆసుపత్రి పేరు రాయను. డాక్టర్లకీ సెలవులుంటాయి, మనుషులే కదా. కానీ ఆ సెలవు సంగతి ముందు రోజు ఒక ఎస్ఎమ్ఎస్‌లో వచ్చి ఉంటే మేము హిందూపురంలోనే ఆగిపోయేవాళ్ళం. రోజుకి లక్ష ఎస్ఎమ్ఎస్‌లు పంపే సిస్టమ్ మీద పనిచేసే నాకు ఇది ఎంత చిన్న పనో తెలుసు కాబట్టే ఎక్కువ మండింది.

కౌంటర్లో ఉన్నాయన్ని దారి ఖర్చు సంగతి అడిగాను. "రివ్యూ మీరే అడిగారు కదా, మేము పిలవలేదు" అన్నాడు. పిలుపు కాగితం నా చేతిలోనే ఉంది, కింద సంతకంతో సహా. అది చూపించాను. "రాసి ఇచ్చుకోండి" అని తల తిప్పుకున్నాడు. దేని మీద రాయాలో, ఎవరికి రాయాలో చెప్పలేదు.

తిరుగు రైల్లో ఫోన్లో లెక్క వేశాను. రైలు టికెట్లు మామవీ నావీ కలిపి రానూపోనూ 620. లాడ్జి 1,400. ఆటోలు, క్యాబ్‌లు 1,150. తిండి 730. జిరాక్సులు, ఫోటోలు 90. ఇవి 3,990. మామకి రెండు డ్యూటీలు పోయాయి, డ్యూటీకి 550 చొప్పున 1,100. మొత్తం 5,090. నా లీవులు కలపలేదు, సాబ్ ఖర్చు ఆయన చెప్పలేదు.

ఇందులో రైలు 620 మాత్రమే, చూశారా? అంటే ఎవరైనా దయతలచి రైలు పాసు ఇచ్చినా ఎనిమిదో వంతే తీరుతుంది. మిగతాదంతా లాడ్జి, ఆటో, పోయిన కూలి. ఇవి ఏ పాసులోనూ రావు.

పోయిన వారం నేను ఆఫీసు పని మీద ఒక క్లయింటు దగ్గరికి క్యాబ్‌లో పోయి 240 రూపాయల బిల్లు యాప్‌లో పెట్టాను. రెండు రోజుల్లో అకౌంట్లో పడింది. అది నా హక్కు అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, యాప్‌లోనే బటన్ ఉంది. మామకి ఆ బటన్ లేదు.

*

కోర్టుకి సాక్షిగా పోయినవాళ్ళని అడగండి, బత్తా అనే మాట తెలుస్తుంది. ఎవరి కేసులోనో ఎవరి కోసమో సాక్ష్యం చెప్పడానికి పోతే, దారి ఖర్చు ఇవ్వడానికి చట్టంలోనే చోటు పెట్టారు. ఆ బత్తా చిన్నదే, చేతికి వచ్చేసరికి ఇంకా చిన్నదవుతుంది. అది వేరే సంగతి. ఆలోచన మాత్రం సరైనది: నీతో పని ఉండి రమ్మన్నాం, నీ రోజు మేము తీసుకున్నాం, దానికి ఖరీదు కడతాం. మామ కూడా ఆ గదిలోకి సాక్ష్యం చెప్పడానికే పోయాడు, తన కాలి గురించి.

ఇంకా దగ్గరి ఉదాహరణ మామ పనిచేసే గేటు లోపలే ఉంది. జీతం 21,000 లోపు ఉన్న ఫ్యాక్టరీ కార్మికులకు ఈఎస్ఐ ఉంటుంది. మిషన్లో వేలు పోయిందనుకోండి, ఎంత శాతమో తేల్చడానికి ఈఎస్ఐ మెడికల్ బోర్డు పిలుస్తుంది. అలా పిలిచినప్పుడు దారి ఖర్చు, ఆ రోజు పోయిన కూలి ఇవ్వడానికి అక్కడ ఏర్పాటు ఉంది. వేలు తెగిన కుర్రాడికీ మడమ పగిలిన సిపాయికీ జరిగే పరీక్ష ఒకటే. శాతం తేల్చడం.

బయటి దేశాల్లో ఇది కొత్త సంగతేం కాదు. బ్రిటన్‌లో యుద్ధ పింఛనుదారుల కోసం మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, ఏకంగా ఒక మంత్రిత్వ శాఖే పెట్టారు. వైద్యానికో పరీక్షకో పోయినప్పుడు దారి ఖర్చుతో పాటు, పోయిన కూలికి కొంత చెల్లించడం అక్కడ పాత అలవాటు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ మైలుకి 41.5 సెంట్లు ఇస్తుంది. మామూలు వైద్యానికి పోతే అందులో కొంత కోత ఉంటుంది. వైకల్యం తేల్చే పరీక్షకి పోతే ఆ కోత కూడా లేదు. ఈ తేడా నాకు నచ్చింది. వైద్యం నీ అవసరం, పరీక్ష మా అవసరం అని ఒప్పుకున్నట్టు ఉంది. మైలుకి అంత అని లెక్క పెడితే రైలు, ఆటో, బైకు అన్న గొడవ కూడా ఉండదు. పెనుకొండ నుంచి ఎంత దూరమో గూగుల్ మ్యాప్స్ చెప్తుంది.

"మీరే అడిగారు కదా" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. అడగకపోతే పెరగదు, అడిగితే ఖర్చు నీది. మామకి నెల నెలా ఏదో వస్తుంది, నాలాంటి అల్లుడొకడు ఉన్నాడు. ఏ అల్లుడూ లేని సిపాయి 5,090 లెక్క వేసుకుని, పోనీలే అని ఊరుకుంటాడు. అప్పుడు అతని కాలు కాగితం మీద జీవితాంతం 40 శాతమే.

*

తిరుగు రైల్లో సాబ్ తన బామ్మర్ది సంగతి చెప్పాడు. ధర్మవరంలోనే ఉంటాడు. చిన్నప్పుడు పోలియో వచ్చింది. మగ్గంలో కూర్చోలేడు కాబట్టి కండెలు చుడతాడు. ఆయనది సైన్యం పింఛను కాదు, ఎన్టీఆర్ భరోసా. 2024లో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికే వచ్చి ఇచ్చిపోతారు. ఆ తర్వాత 2025 జనవరి నుంచి మళ్ళీ పరీక్షలు మొదలుపెట్టారు, అనర్హులు ఉన్నారని. ఉండొచ్చు, దొంగ సర్టిఫికెట్లు మనమందరం చూసినవే. మంచం దిగలేని, 15,000 పింఛను వచ్చేవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల బృందాలే పోయాయి. అది మంచి పని. 6,000 వాళ్ళని మాత్రం ఆసుపత్రులకి రమ్మన్నారు.

సాబ్ బామ్మర్దిది మొదటిసారి జనం ఎక్కువై అయిపోలేదు. రెండోసారి అయింది. ఆగస్టులో నోటీసు వచ్చింది, శాతం 40 కంటే తక్కువ అని. అప్పీలు పెట్టుకుంటే మూడోసారి. మూడుసార్లూ ఆటో మాట్లాడుకుని, చంకలో కర్ర పెట్టుకుని, భార్య ఒక రోజు కూలి వదులుకుని వెంట పోయింది. ఇప్పుడు పింఛను వస్తోంది.

"మూడు తూర్లు పోయింటే ఒక నెల పింఛను దాండ్లోనే పాయె" అన్నాడు సాబ్.

డబ్బు ఇంటికొస్తుంది. పరీక్షకి మాత్రం మనిషే పోవాలి. ఈయన సిపాయి, ఆయన నేతపని మనిషి, ఇద్దరి పింఛన్లూ వేరు వేరు ప్రభుత్వాలవి. ఇద్దరి బిల్లూ ఒకటే.

మాటల్లో గోరంట్ల సంగతి వచ్చింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో సరిహద్దులో అమరుడైన మురళీ నాయక్‌ది గోరంట్ల మండలం కల్లి తండా, పెనుకొండ నియోజకవర్గమే. ఆ రోజు మామ కూడా పోయాడు, అంత జనంలో నిలబడే ఉన్నాడు, వచ్చాక రెండు రోజులు లేవలేదు. మురళీ నాయక్ అగ్నివీర్. 2022లో వచ్చిన ఆ పథకంలో నాలుగేళ్ళ సర్వీసుకి పింఛను లేదు. గాయపడి వైకల్యం వస్తే నెల నెలా ఇచ్చేది ఉండదు, ఒకేసారి ఇస్తారు. 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు. అంటే వాళ్ళకి బోర్డు గదిలో ఆ పది అడుగుల నడక ఇంకా ఖరీదైనది. మామ దాన్ని తిన్నగా నడిచాడు, సరే, ఇంకోసారి అడుక్కోవచ్చు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆఫీసరు ముందు పౌరుషానికి తిన్నగా నడిస్తే పది లక్షల తేడా, అదీ ఒక్కసారికే. మన జిల్లా నుంచి ఏటా ర్యాలీలకి పోయే పిల్లలు పరుగు ప్రాక్టీసు చేస్తారు. కుంటడం ఎవరు నేర్పుతారు?

*

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు నాకు మెయిల్స్ రాస్తుంటారు కాబట్టి, నేను చేసిందేమిటో చెప్తాను. సాబ్ చెప్పినట్టు చేశాను, నా తెలివేం లేదు.

పిలుపు కాగితం, ఆసుపత్రిలో వచ్చినట్టు వేసిన ముద్ర, టికెట్లు, లాడ్జి రసీదు, ఇవన్నీ ఒరిజినల్స్ దాచుకుని జిరాక్సులు తీయించాను. ఆటోలకి రసీదు ఉండదు కాబట్టి ఫోన్‌పే హిస్టరీ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీశాను. మామ పనిచేసే ఏజెన్సీ నుంచి 'ఈ రెండు రోజులు డ్యూటీ లేదు, జీతం లేదు' అని ఒక లెటర్ తీసుకున్నాను. దానికి మాత్రం నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. అప్లికేషన్ మామ రికార్డ్ ఆఫీసుకి, ఒక కాపీ అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. అందులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: బోర్డుకి పిలిచిన పింఛనుదారుకి, వెంట వచ్చిన మనిషికి దారి ఖర్చు ఏ నియమం కింద ఇస్తారు, ఇవ్వకపోతే ఏ నియమం కింద ఇవ్వరు? జవాబు రాకపోతే అదే ప్రశ్న సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగుతాను. ఇస్తారనో ఇవ్వరనో కాగితం మీద రానీ. ఆ జవాబు పిలుపు లెటర్ వెనకాల నాలుగు లైన్లలో అచ్చేస్తే ఇంత రామాయణం ఉండదు.

మామకి ఇదంతా నచ్చలేదు. "ఐదు వేలకి ఇంత కాగితాలేంది రా? దేశం మనకి ఇచ్చింది లే" అన్నాడు. సాబ్ ఫోన్లో స్పీకర్‌లో ఉన్నాడు. "రేయ్, దేశం ఇచ్చింది కాలికి. ఇది ఆటోకి" అన్నాడు. మామ మాట్లాడలేదు. సాబ్ చెప్తే ఎదురు మాట్లాడడు కదా.

చెవి పరీక్షకి తేదీ వచ్చే నెల. ఈసారి మామని ఇంట్లో రోజూ అత్త ముందు మామూలుగా నడిపిస్తున్నాం, అదొక ప్రాక్టీసు. గోడ పట్టుకోవాలనిపిస్తే పట్టుకో అంటాం. పట్టుకుంటాడు, ఎవరైనా వాకిట్లోకి వస్తే వదిలేస్తాడు.

మొన్న పెనుకొండ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేశాక మామ కౌంటర్ దగ్గరే ఆగిపోయాడు. ఏంటి మామా అంటే, రసీదు అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, టికెట్లున్న ప్లాస్టిక్ కవర్లో వేశాడు. "ఇది కూడా లెక్కలోకి వస్తుందేమో అడుగు" అన్నాడు.